యుద్ధం కథకు పిల్లల్ని తీసుకెళ్ళాలా?

(కిష్టారెడ్డిపేటలో మహిళా సంఘాల కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే స్త్రీలు కలుసుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మనం మాట్లాడుకోబోయే విషయం వినగానే చాలా చిన్నదిగా అనిపిస్తుంది. కాంట్రాక్టు పని, చాలీచాలని కూలి, తాగుడు, ఇంట్లో దెబ్బలు - ఇన్ని సమస్యల మధ్య పిల్లల్ని బుర్రకథకు తీసుకెళ్ళాలా వద్దా అన్నది కూడా ఒక సమస్యేనా అని ఎవరైనా అడగొచ్చు. కానీ కొన్ని వారాలుగా ఈ పేట ఆడవాళ్ళు మన దగ్గరికి వచ్చి అడుగుతున్న ప్రశ్న ఇదే. ప్రశ్న వాళ్ళది. అది చిన్నదా పెద్దదా అని తేల్చే పని మనది కాదు.

సంగతి మీకు తెలుసు. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కంపెనీల్లో పనిచేస్తూ ఇక్కడ అద్దె గదుల్లో వుంటున్న కుటుంబాలు చందాలు వేసుకుని బొబ్బిలి యుద్ధం బుర్రకథ చెప్పించాలనుకుంటున్నాయి. రాత్రి తొమ్మిదింటికి మొదలుపెడితే ఒంటిగంట దాటుతుంది. ఊరివాళ్ళూ వస్తారు, ఒడిశా, బీహారు నుంచి వచ్చిన వాళ్ళూ వస్తారు. సొంత ఊరు వదిలి వచ్చిన మనుషులు తమ కథ తాము వినాలనుకోవటం సహజం. అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు.

అయితే తల్లులకు మాత్రం దిగులుగా వుంది. "చిన్నోన్ని తోల్కపోతే రాత్రంతా ఉలిక్కిపడతడేమో అక్కా" అని ఒకామె. "మా మామగారు మనవడిని తీసుకెళ్ళి తీరాలంటున్నారు, మగపిల్లాడికి పౌరుషం రావాలంట" అని ఇంకొకామె. "పిల్ల జడుసుకుంటే మళ్ళీ నన్నే అంటారు కదా" అని మరొకామె. ఈ మూడో మాట గుర్తుపెట్టుకోండి. కథ చెప్పించాలని నిర్ణయించేది మగవాళ్ళ కమిటీ. ఏ ఘట్టం చెప్పాలో ఖాయం చేసేది కూడా వాళ్ళే. తరువాత పిల్లవాడు జడుసుకుంటే రాత్రంతా మేలుకునేది తల్లి, మాట పడేది తల్లి. నిర్ణయంలో భాగం లేకుండా బాధ్యత మాత్రం మోయటం ఆడవాళ్ళకు కొత్త కాదు. కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు వెతకటంలో తల్లికి సాయం చెయ్యటం మహిళా సంఘం పనే.

కథలో ఏముంది?

పిల్లలకు తగినదా కాదా అని చెప్పాలంటే ముందు కథలో ఏముందో మనకు స్పష్టంగా తెలియాలి. "అది వీరగాథ, మంచిదే" అంటే సరిపోదు. "యుద్ధం కథ, వద్దు" అన్నా సరిపోదు.

1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద దాడి జరిగింది. దాడి చేసింది ఫ్రెంచి సేనాని బుస్సీ. ఆయన వెనక వున్నది విజయనగరం రాజు పెద విజయరామరాజు. అంతకు నాలుగేళ్ళ ముందు, 1753లో, హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ తన దగ్గరున్న ఫ్రెంచి సైన్యం జీతాల కోసం ఉత్తర సర్కారులను ఫ్రెంచివాళ్ళకు అప్పగించాడు. అంటే మన నిజాం చేసుకున్న ఒప్పందం ఫలితం బొబ్బిలి జనం మీద పడింది. రెండు జమీందారీల మధ్య పాత పగ, పరాయి సైన్యానికి డబ్బు అవసరం - ఈ రెండూ కలిసి యుద్ధమయ్యాయి. బొబ్బిలి జమీందారు రంగారావు కోట వదిలి వెళ్ళనన్నాడు.

ఇక కోట నిలవదని తేలాక జరిగింది మనకు ముఖ్యం. కథల్లో, సినిమాల్లో దీన్ని ఆడవాళ్ళ ఆత్మత్యాగంగా చెబుతారు. రంగారావు భార్య మల్లమ్మ, ఆమె తోబుట్టువు తాండ్ర పాపారాయుడు ఇందులో ముఖ్య పాత్రలు. 1964లో వచ్చిన 'బొబ్బిలి యుద్ధం' సినిమాలో భానుమతి మల్లమ్మగా వేసింది. మన పెద్దవాళ్ళలో చాలామందికి మల్లమ్మ అంటే ఆ ముఖమే. పరువు కోసం, మానం కోసం స్త్రీలు ప్రాణాలు వదిలారన్నది మనం విని పెరిగిన మాట.

కానీ ఆ కాలానికి దగ్గరలోనే ఈ యుద్ధం గురించి రాసిన ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ చెప్పింది వేరు. ఆయన రాసిన ప్రకారం కోటలో మగవాళ్ళే ఇళ్ళకు నిప్పు పెట్టారు. మంటల్లోంచి, పొగలోంచి బయటపడాలని చూసిన ఆడవాళ్ళను, పిల్లలను పొడిచి చంపారు. చంపినవాళ్ళలో భర్తలు, తండ్రులు వున్నారు. ఒక్కసారి ఆలోచించండి. బయటపడాలని చూశారంటే వాళ్ళకు బతకాలని వుందనే కదా అర్థం. వాళ్ళను ఎవరూ అడగలేదు. తరువాత కథ చెప్పినవాళ్ళు దానికి త్యాగం అని పేరు పెట్టారు.

ఓర్మ్ ఇంకొక మాట కూడా రాశాడు. అంతా అయిపోయాక ఒక ముసలాయన ఒక పిల్లవాడి చెయ్యి పట్టుకుని నడిపించుకు వచ్చాడు. ఆ పిల్లవాడు రంగారావు కొడుకు. తండ్రి ఇష్టానికి వ్యతిరేకంగా ఆ ముసలాయన వాడిని కాపాడాడు. బొబ్బిలి వంశం నిలిచింది ఆ పిల్లవాడి వల్లే. మూడో రాత్రి విజయరామరాజు గుడారంలోకి దూరి అతన్ని పొడిచి చంపటం గురించి గంటసేపు కథ సాగుతుంది. జనం ఆ పని పాపారాయుడిదని చెప్పుకుంటారు. అగ్గిలోంచి ఒక పసివాడిని తప్పించిన ముసలాయనకు మాత్రం ఏ పేరూ లేదు.

ఈ వివరాలన్నీ ఎందుకు చెబుతున్నానంటే, తల్లులు భయపడేది రక్తం గురించి. మనం భయపడాల్సింది రక్తం ఒక్కదాని గురించే కాదు. కుటుంబం పరువు ఆడదాని ఒంట్లో వుంటుందనీ, దాన్ని కాపాడటానికి ఆమెను చంపటం కూడా గొప్పేననీ చప్పట్ల మధ్య పిల్లలకు చేరటం అంతకంటే ప్రమాదం. 1947 మార్చిలో దేశ విభజన అల్లర్లలో రావల్పిండి దగ్గర థోవా ఖాల్సా గ్రామంలో ఎంతోమంది స్త్రీలు బావిలో దూకి చనిపోయారు. వాళ్ళను వీరనారులుగా కీర్తించారు. ఊర్వశీ బుటాలియా 1998లో వెలువడిన తన పుస్తకంలో ఆ జ్ఞాపకాలను మళ్ళీ తవ్వి, ఆ స్త్రీలకు నిజంగా వేరే దారి వుందా, తమ ఇంటి మగవాళ్ళ చేతుల్లో చనిపోయిన వాళ్ళ సంగతేమిటి అని అడిగింది. ఇదంతా గడిచిపోయిన చరిత్ర అనుకోవటానికి లేదు. కులం దాటి పెళ్ళి చేసుకున్నందుకు పిల్లలను, అల్లుళ్ళను చంపించే తండ్రులు ఈనాటికీ మన తెలంగాణలో వున్నారు. 2018లో మిర్యాలగూడలో నడిరోడ్డు మీద జరిగిన హత్య మనమెవరం మరిచిపోలేదు. అక్కడా వినిపించిన మాట పరువే.

చూపించకపోయినా కనిపిస్తుంది

"బుర్రకథలో చూపించేదేముంది, నోటి మాటే కదా" అని కొందరంటారు. నిజమే, వేదిక మీద ముగ్గురే వుంటారు. మధ్యలో తంబుర పట్టుకుని అందియలు మోగిస్తూ కథకుడు, రెండు పక్కల గుమ్మెటలతో వంతలు. ఒక వంత రాజకీయం చెబుతాడు, ఇంకొకడు హాస్యం చెబుతాడు. కోట లేదు, కత్తి లేదు, మంట లేదు.

కానీ పసిపిల్లలకు ఇదే ఒక్కోసారి ఎక్కువ కష్టం. సినిమాలో అయితే తెర మీద వున్నది ఎవరో తారామణి ముఖం. కథలో "తల్లి బిడ్డను గుండెకు హత్తుకుంది" అనగానే పిల్లకు కనిపించేది తన తల్లి ముఖం. ఆ బొమ్మను కట్టుకునేది పిల్ల మనసే. దానికి తోడు మైకులో కథకుడి గొంతు పెరుగుతుంది, గుమ్మెటలు జోరందుకుంటాయి, చుట్టూ పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. తల్లి ఏడవటం చూస్తే కథ అర్థంకాని రెండేళ్ళ పిల్ల కూడా ఏడుస్తుంది.

బుర్రకథలో పిల్లలకు మేలు చేసే గుణం కూడా వుంది. అది హాస్యం. బరువైన ఘట్టం రాగానే హాస్యం చెప్పే వంత అడ్డం పడి నవ్విస్తాడు, ప్రశ్న వేస్తాడు, వినేవాళ్ళకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తాడు. ఇది కథే సుమా అని గుర్తుచేస్తాడు. రాజకీయం చెప్పే వంత పాత కథను ఇవాళ్టి విషయానికి ముడిపెడతాడు. ఈ కళారూపంలోనే ప్రశ్నించే చోటు కట్టి వుంది. 1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథను ఎంచుకోవటానికి కారణం ఇదే. బెంగాలు కరువు గురించి, తెలంగాణ రైతాంగ పోరాటం గురించి ఊరూరా చెప్పింది ఈ రూపంలోనే. షేక్ నాజర్ లాంటి కళాకారుడు బొబ్బిలి, పలనాటి యుద్ధాలను, అల్లూరి సీతారామరాజు కథను కొన్ని దశాబ్దాల పాటు జనానికి వినిపించాడు. ఆ రోజుల్లోనే మోటూరి ఉదయం, ఆమెతో కలిసిన ఇతర స్త్రీలు ఆడవాళ్ళ దళం కట్టి గుమ్మెట చేతపట్టారు. ఆడది నలుగురిలో ఎగిరి కథ చెప్పటమేమిటని ముక్కున వేలేసుకున్న కాలం అది.

అయితే హాస్యం పేరిట భార్యల మీద, లావుగా వున్నవాళ్ళ మీద, నల్లగా వున్నవాళ్ళ మీద జోకులు వేసే దళాలు కూడా వున్నాయి. దళంతో ముందుగా మాట్లాడేటప్పుడు దీని గురించి కూడా అడగాలి.

వయసు ఒక్కటే కొలత కాదు

"ఎన్నేళ్ళ పిల్లల్ని తీసుకెళ్ళొచ్చు?" అని అడుగుతారు. ఒక అంకె చెబితే అందరికీ సుఖం. కానీ పిల్లలు అంకెల ప్రకారం పెరగరు. అయినా స్థూలంగా కొంత చెప్పుకోవచ్చు.

ఐదారేళ్ళ లోపు పిల్లలకు కథకూ నిజానికీ మధ్య గీత ఇంకా గట్టిపడదు. చనిపోయినవాళ్ళు మళ్ళీ రారన్న సంగతి కూడా చాలామందికి పూర్తిగా అర్థం కాదు. వాళ్ళకు ఈ కథ వల్ల ఒరిగేది తక్కువ, నిద్ర పాడవటం ఎక్కువ. మొదటి గంట ఆటపాట, గుమ్మెటల దరువు చూపించి ఇంటికి తీసుకుపోవటం మంచిది.

ఏడు నుంచి పదేళ్ళ వాళ్ళు చావు అంటే ఏమిటో గ్రహిస్తారు. అందుకే వాళ్ళ భయం సూటిగా వుంటుంది. "మన ఇంటికి శత్రువులొస్తే నాన్న నన్ను చంపుతాడా?" అని అడగగలిగేది ఈ వయసు పిల్లలే. ఆ ప్రశ్నకు వెంటనే "చంపడు, నిన్ను ఎలాగైనా కాపాడుకుంటాం" అని చెప్పగలిగే పెద్దమనిషి పక్కన వుంటేనే ఈ వయసు వాళ్ళను కూర్చోబెట్టాలి.

పదకొండు, పన్నెండు దాటిన వాళ్ళు వినగలరు. వాళ్ళకు కావలసింది వినటమే కాదు, తరువాత మాట్లాడుకోవటం. పద్నాలుగు, పదిహేనేళ్ళ వాళ్ళు వాదించగలరు కూడా. వాళ్ళకు వద్దని చెప్పటం కంటే, వచ్చి విని నీకేమనిపించిందో చెప్పమనటం మేలు.

ఇది వయసు సంగతి. దీనికంటే ముఖ్యమైనది పిల్ల జీవితంలో ఏం జరిగిందన్నది. మనమున్న చోటును బట్టి ఈ మాట గట్టిగా చెప్పాలి. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక మందుల తయారీ కర్మాగారంలో జరిగిన పేలుడులో నలభైమందికి పైగా కార్మికులు చనిపోయారు. చనిపోయిన వాళ్ళలో ఎందరో బతుకుతెరువు కోసం దూర ప్రాంతాల నుంచి వచ్చినవాళ్ళు. ఈ పారిశ్రామిక ప్రాంతంలో అగ్గి, పేలుడు, కాలిన శరీరాలు అన్నవి కథలో మాటలు కావు. తండ్రినో, మామనో, పక్కగది అన్ననో అలా పోగొట్టుకున్న పిల్లలు మన మధ్య వున్నారు. కోట తగలబడే ఘట్టం పన్నెండేళ్ళ పిల్లవాడికి తగినదే కావచ్చు. ఆ పన్నెండేళ్ళ పిల్లవాడికి మాత్రం తగినది కాకపోవచ్చు.

అలాగే ఇంట్లో రోజూ తల్లి దెబ్బలు తినటం చూసే పిల్ల. భర్త చేతిలో భార్య చనిపోవటాన్ని గొప్పగా పాడుతుంటే ఆ పిల్ల ఏమనుకుంటుంది? ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పదు. మనం ఇళ్ళకు వెళ్ళేవాళ్ళం. ఏ ఇంట్లో ఏముందో మనకు కొంత తెలుసు. ఆ తెలిసినదాన్ని నలుగురిలో పెట్టకుండా, ఆ తల్లితో విడిగా, మెల్లగా మాట్లాడాలి.

ఆడపిల్లకు వద్దు, మగపిల్లాడికి ఫరవాలేదు

ఇంకొక సంగతి. 'తగినదా కాదా' అన్న ప్రశ్న చాలా ఇళ్ళలో ఆడపిల్ల విషయంలోనే వస్తుంది. రాత్రిపూట, జనం మధ్య, మగపిల్లలు వుండే చోట - కాబట్టి వద్దు. ఇక్కడ కథ సంగతి ఎవరూ ఆలోచించటం లేదు. కథ పేరు చెప్పి ఆడపిల్లను గదిలో కూర్చోబెడుతున్నారు. పదమూడేళ్ళ అక్కను ఇంట్లో వుంచి ఎనిమిదేళ్ళ తమ్ముణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టే ఇళ్ళు మనకు తెలుసు. వినగలిగిన పిల్లను వద్దని, వినలేని పిల్లవాణ్ణి పౌరుషం పేరుతో కూర్చోబెట్టటం ఇద్దరికీ అన్యాయమే.

మగపిల్లవాడికి భయం వెయ్యకూడదని ఎవరు చెప్పారు? వాడు తల్లి కొంగు పట్టుకుంటే "ఆడపిల్లవా?" అని ఎగతాళి చేస్తారు. వాడు ఏడుపు దిగమింగి, మర్నాడు కర్ర పట్టుకుని చెల్లెలి మీద పాపారాయుడవుతాడు. యుద్ధం కథ తరువాత ఎక్కువ మాట్లాడాల్సింది మగపిల్లలతోనే.

ఇక్కడ హక్కుల సంగతి వస్తుంది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను 1989 నవంబరు 20న ఆమోదించింది. భారతదేశం 1992 డిసెంబరు 11న అందులో చేరింది. అందులో 31వ అధికరణ పిల్లలకు ఆటపాటల్లో, సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కు ఇచ్చింది. 17వ అధికరణ వాళ్ళకు సమాచారం అందాలనీ, హాని చేసే విషయాల నుంచి రక్షణ వుండాలనీ చెబుతుంది. 12వ అధికరణ వాళ్ళకు సంబంధించిన విషయాల్లో వాళ్ళ మాట వినాలని చెబుతుంది. ఈ మూడూ ఒకేసారి గుర్తుపెట్టుకోవాలి. రక్షణ ఒక్కటే పట్టుకుంటే పిల్లల్ని మూసిపెడతాం. సంస్కృతి ఒక్కటే పట్టుకుంటే పిల్ల జడుసుకోవటం మనకు కనిపించదు. వాళ్ళ మాట వింటేనే ఈ రెండింటి మధ్య దారి దొరుకుతుంది.

పిల్లలు బరువైన విషయాలను అసలే మోయలేరనుకోవటం కూడా పొరపాటు. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు యూదులను నిర్బంధించిన తెరెజీన్‌లో పిల్లలే 'బ్రుందిబార్' అనే సంగీత నాటకం ఆడారు. హాన్స్ క్రాసా దానికి సంగీతం కూర్చాడు. జబ్బుపడిన తల్లికి పాలు కొనటానికి వీధిలో పాడే అన్నాచెల్లెళ్ళను ఒక దుర్మార్గుడు తరిమేస్తే, మిగతా పిల్లలు, జంతువులు కలిసి అతన్ని ఓడిస్తారు. 1943, 44లలో అక్కడ ఆ నాటకం యాభైకి పైగా సార్లు ఆడారు. ఆకలి, చావు మధ్య వున్న పిల్లలకు అది బలమిచ్చింది. అదే నాటకాన్ని 1944లో రెడ్‌క్రాస్ పరిశీలకుల ముందు ఆడించి, అంతా బాగుందని నమ్మించటానికి నాజీలు వాడుకున్నారు. పాడిన పిల్లల్లో చాలామందినీ, క్రాసానూ తరువాత ఆష్విట్జ్‌లో చంపేశారు. ఒకే నాటకం పిల్లలకు ఊపిరి అయింది, చంపేవాళ్ళకు ముసుగు అయింది. అందుకని ఏ ప్రదర్శన గురించైనా మనం రెండు సంగతులు అడగాలి. ఇందులో ఏముంది? దీన్ని ఎవరు, ఎందుకు ఆడిస్తున్నారు?

నిషేధం వద్దు, సమాచారం కావాలి

కొందరు మిత్రులు ఈ కథను ఆపించాలన్నారు. నేను ఒప్పుకోను. 1876లో బ్రిటిషు ప్రభుత్వం నాటక ప్రదర్శనల చట్టం తెచ్చింది పిల్లల మీద ప్రేమతో కాదు, తనను విమర్శించే నాటకాలను ఆపటానికి. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. బుర్రకథల మీద కూడా నిషేధాలు వచ్చాయి. నోరు నొక్కే ఆయుధం ఇవాళ మనం పట్టుకుంటే రేపు మన వీధినాటకం మీదికే వస్తుంది.

మరి సినిమాలకున్నట్టు సర్టిఫికెట్ కావాలా? 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, యు.ఏ. సినిమాలను ఏడేళ్ళు, పదమూడేళ్ళు, పదహారేళ్ళు అని మూడు రకాలు చేశారు. అది కొంత సాయమే. కానీ ఆ అంకె మన పిల్ల సంగతి మనకు చెప్పదు. వీధిలో చెప్పే కథకు ఆ అంకె కూడా లేదు. తల్లికి కావలసింది ఎవరో వేసిన ముద్ర కాదు. కథలో ఏముందో, ఎప్పుడు వస్తుందో తెలిస్తే తన పిల్లకు తగునో లేదో ఆమే తేల్చుకోగలదు.

మనం చెయ్యవలసినవి

అందుకని మన పని ఇలా వుండాలని నా అభిప్రాయం.

మొదటిది, కథ చెప్పే దళంతో ముందే మాట్లాడాలి. ఎన్ని గంటలు, ఏ ఘట్టాలు, కోట తగలబడే ఘట్టం సుమారు ఏ వేళకు వస్తుంది, మధ్యలో విరామం ఎక్కడ, టపాకాయలు కాల్చే అలవాటు వుందా - ఇవన్నీ అడగాలి. టపాకాయలు వద్దని ఈ ప్రాంతంలో ఏం జరిగిందో చెబితే ఏ కళాకారుడూ కాదనడు. కళాకారులు మనకు శత్రువులు కారు. వాళ్ళూ కూలి బతుకుల వాళ్ళే, వాళ్ళకూ పిల్లలున్నారు.

రెండోది, అరపేజీ కాగితం ఒకటి తయారుచెయ్యాలి. అందులో కథ ముగింపుతో సహా వుండాలి. "ఈ కథలో తండ్రులు, భర్తలు తమ ఆడవాళ్ళను, పిల్లలను చంపుతారు. ఇళ్ళు తగలబడతాయి. చివర గుడారంలో ఒక మనిషిని పొడిచి చంపుతారు. ఈ ఘట్టాలు పదకొండు గంటల తరువాత వస్తాయి" అని తేటగా రాయాలి. చదువురాని వాళ్ళకు చదివి వినిపించాలి. హిందీ, ఒడియా మాట్లాడే తల్లులకు వాళ్ళ భాషలో చెప్పేవాళ్ళు మనలో వున్నారు. ముగింపు ముందే చెబితే రుచి పోతుందంటారేమో. బొబ్బిలి కథ ముగింపు తెలియక ఎవరూ రావటం లేదు. ముగింపు తెలియనిది పిల్లలకే.

మూడోది, పిల్లను అడగాలి. "ఇందులో ఇలాంటివి వుంటాయి, నీకు వినాలని వుందా?" అని. వస్తానన్న పిల్ల మధ్యలో వద్దంటే లేచి వచ్చెయ్యాలి. అందుకని జనం మధ్యలో కాకుండా అంచున కూర్చోవాలి. చెయ్యి గట్టిగా నొక్కితే వెళ్దామని అర్థం అని ముందే చెప్పుకోవాలి. తల్లి కూడా కథ వినాలనుకుంటుంది కదా. పిల్లలతో బయటికి వచ్చే బాధ్యత తండ్రికో, మామకో, మేనమామకో ముందే అప్పగించాలి. లేకపోతే ప్రతిసారీ కథ సగంలో వదిలి వచ్చేది తల్లే అవుతుంది.

నాలుగోది, రాలేని పిల్లల కోసం ఆ రాత్రి మన సంఘం గది తెరిచి వుంచాలి. వంతులవారీగా ఇద్దరు కార్యకర్తలు వుంటే చాలు. అప్పుడు పసిబిడ్డల తల్లులు కూడా కథ వినగలుగుతారు.

ఐదోది, తరువాత వారం రోజులు గమనించాలి. రాత్రి లేచి ఏడవటం, మానుకున్న పక్క తడపటం మళ్ళీ మొదలవటం, తల్లిని వదలకపోవటం, ఒకే ఆట పదేపదే ఆడటం - కొద్దిరోజులుండి తగ్గిపోతే కంగారు లేదు. దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడితే సరిపోతుంది. తగ్గకపోతే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మానసిక ఆరోగ్యం కోసం 14416 నంబరుకు ఫోను చెయ్యొచ్చు. ఇంట్లో హింస బయటపడితే పిల్లల కోసం 1098 వుంది. దీన్ని గాలి సోకిందని, దిష్టి తగిలిందని తాయెత్తుతో సరిపెట్టకుండా చూడటం మన పని.

కథ అయిపోయాక

చివరిగా, కథ తరువాతి ఆదివారం పిల్లలందరినీ కూర్చోబెట్టి మాట్లాడిద్దాం. మనం ఉపన్యాసం ఇవ్వొద్దు, ప్రశ్నలు వేద్దాం. యుద్ధం ఎందుకొచ్చింది? ఎవరికి లాభం కలిగింది? కోటలో మల్లమ్మ కాక ఇంకా ఎంతమంది ఆడవాళ్ళు వుండివుంటారు? వంటచేసేవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు, బట్టలుతికేవాళ్ళు - వాళ్ళ పేర్లు కథలో ఎందుకు లేవు? చనిపోవాలా వద్దా అని వాళ్ళను ఎవరైనా అడిగారా? నిద్రపోతున్న మనిషిని పొడిచినవాడు ధీరుడా? రాజు మాట కాదని పిల్లవాణ్ణి కాపాడిన ముసలాయన ధీరుడా? ఆయనకు మీరైతే ఏం పేరు పెడతారు?

జవాబులు ఎలా వచ్చినా విందాం. ఒక మగపిల్లవాడు పాపారాయుడే గొప్ప అంటే కోప్పడొద్దు. ఎందుకు గొప్ప అని అడుగుదాం. పక్కన వున్న ఆడపిల్ల ఏమంటుందో కూడా అతను వింటాడు. ఆ పిల్లల్లో పెద్దవాళ్ళు ఒక చిన్న బుర్రకథ కట్టుకుంటామంటే గుమ్మెటలు అద్దెకు తెచ్చే బాధ్యత నాది. వంతల్లో ఆడపిల్లలు కూడా వుండాలి, అదొక్కటే షరతు.

కథ చెప్పించే కమిటీ వాళ్ళతో మాట్లాడటానికి ఇప్పుడే ముగ్గురి పేర్లు ఇవ్వండి. కాగితం రాయటానికి ఇద్దరు, హిందీ, ఒడియాలలో చెప్పటానికి ఇద్దరు, ఆ రాత్రి గదిలో వుండటానికి నలుగురు కావాలి. కమిటీలో ఒక్క ఆడమనిషి కూడా లేదు. ముందు వెళ్ళి అడగాల్సింది ఆ సంగతే.

సెలవు.